ఇద్దరు కూర్చునే సోఫా

కార్లు తయారుచేయడంలో పేరుమోసిన కార్లాయన తన జన్మలో చేయించిన సోఫాలు నాలుగే నాలుగు. అవీ కారు ముందు సీటు అచ్చుతోనే, ఇద్దరికి సరిపడా. ఆయనకదో పిచ్చి. ఎదురుగా మనుషుల్ని కూర్చోబెట్టి, వాళ్ల ఒంటి బరువుకి తగ్గట్టు పీచు కూరాల్సిందే. వాటిలో ఒకదానికి అలా కూర్చున్నది ఆయన దగ్గర సీట్లు కుట్టే మేస్త్రీ, కొత్తగా పెళ్లయిన అతని భార్యా. పనివాళ్లందరి ముందూ ఆవిడ సిగ్గుతో చచ్చిపోతూ కూర్చుంది.

పదేళ్ల కిందట ఆవిడ కాన్పులో పోయింది. కడుపులో ఉన్న ఆడపిల్లా దక్కలేదు.

ఆ సోఫాని ఇవాళ పొద్దున ఇద్దరు కూలీలు తేలిగ్గా మోసుకొచ్చి మేస్త్రి దుకాణంలో దించారు. వెంట కార్లాయన మనవరాలు.

"ప్రదర్శనలో పెడుతున్నాం మేస్త్రీ. గుంటలు కనపడకూడదు. పీచంతా మార్చెయ్యండి. సాయంత్రం వ్యాన్ పంపిస్తాను."

కుడివైపు అతని గుంట. ఎడమవైపు ఆవిడది. ఫొటో అంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. లోకంలో ఆవిడ ఆకారం మిగిలింది ఆ ఒక్కచోటే. కాదనాలని నోటిదాకా వచ్చింది. కానీ కాదంటే ఇంకెవడో పీకుతాడు. పరాయి చెయ్యి పడేకంటే తనదే నయం.

తన వైపు చకచకా విప్పేశాడు. ఆవిడ వైపు వచ్చేసరికి ఆగి, ఆ గుంటని అరచేత్తో నిమిరాడు.

"ఏమీ అనుకోకే," అని కత్తెర పెట్టాడు. పాత పీచుని గుండెలకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

కొత్త పీచు కూరి, తోలు బిగించి కుట్టేసరికి చీకటి పడుతోంది. బయట వాన. లోపల జిగురు వాసన. చేతులు కడుక్కుంటుంటే వెనక తోలు కిర్రుమంది.

ఎడమవైపు కుంగుతోంది. మెల్లగా... సరిగ్గా పాత కొలతకి.

మేస్త్రి గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. అయినా పారిపోలేదు. ఇన్నేళ్లూ ఏడ్చింది ఈ మనిషి కోసమేగా! వెళ్లి పక్కన కూర్చున్నాడు. తోలు వెచ్చగా ఉంది.

"వచ్చావా?"

చెవి దగ్గర ఊపిరి. "కాస్త జరగండి."

ఆవిడ గొంతే. "మనిద్దరికీ చాలదా ఏమే?" అన్నాడతను.

"ఇద్దరమేనా?"

మధ్యలో తోలు నొక్కుకుంటోంది... చిన్న గుంట. పసిబిడ్డది కాదు. పదేళ్ల పిల్ల కూర్చున్నంత.

వీధిలో వ్యాన్ హారన్ మోగింది. మేస్త్రి లేవబోయాడు. చల్లటి చిన్న చెయ్యి అతని వేలు పట్టుకుంది.

"నాన్నా... మనం ఎక్కడికి వెళ్తున్నాం?"

కూలీలు తలుపు తోసుకుని వచ్చేసరికి దుకాణంలో ఎవరూ లేరు. సోఫాలో మూడు గుంటలు. తిట్టుకుంటూ ఎత్తబోయారు. ఇద్దరి వల్లా కాలేదు. వీధిలోంచి ఇంకో ఇద్దర్ని పిలిచి నలుగురూ పట్టినా, సోఫా నేల వదల్లేదు.