మూడో సెల్లు

ఆఫీసు తలుపు తీసిన మనిషి లోపలికి రాలేదు. గడప దగ్గరే నిలబడి రెండు చేతులూ ముందుకు చాపింది.

"చూడండి సార్, పద్దెనిమిదేళ్లలో ఈ చేతుల మీద ఒక్క మచ్చయినా పడిందా?"

టైపిస్టు మిషన్ ఆపి చూసింది. వచ్చినావిడకు నలభై అయిదేళ్లుంటాయి. టాక్సీల షెడ్డులో బ్యాటరీలు చార్జింగ్ చేసే గది ఆవిడదే. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, పెద్దా చిన్నా అందరికీ ఆవిడ బ్యాటరీ అక్కే.

"కూర్చోమ్మా," అన్నాడు డిటెక్టివ్, టీలో మునిగిపోయిన బిస్కెట్టును చెంచాతో వెతుకుతూ. ఆయన తెలివి ముందు ఎవరైనా దిగదుడుపేనని టైపిస్టుకు గట్టి నమ్మకం. చొక్కా గుండీలు వరసగా పెట్టుకోవడం మాత్రం ఆయనకు ఈ జన్మలో వచ్చేలా లేదు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ గదిలో ఒక బ్యాటరీ పేలింది. చార్జరు ఆపకుండా అన్నానికి వెళ్లిందని షెడ్డు యజమాని తేల్చేశాడు. ఈ సోమవారం సాయంత్రంలోగా తాళంచెవి అప్పగించి వెళ్లిపొమ్మన్నాడు.

"ఇంకో షెడ్డు చూసుకోలేవా అక్కా?" అంది టైపిస్టు.

"బ్యాటరీ పేల్చినదాన్ని ఎవరు పెట్టుకుంటారమ్మా? నాకొచ్చింది ఈ పనొక్కటే." అంతవరకూ ఉగ్గబట్టుకున్న ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది.

పది గంటలకల్లా ముగ్గురూ షెడ్డులో ఉన్నారు. శుక్రవారం నుంచి తాళం వేసి ఉన్న గదిని యజమాని తెరిపించాడు. అక్క ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, నేలమీద చిందిన యాసిడ్ మీద సోడా ఉప్పు కలిపిన నీళ్లు పోసింది. నురగ పొంగి అణిగాక, "ఇప్పుడు రండి," అంది.

కిటికీకి గడియ పెట్టి ఉంది. చార్జరు స్విచ్ వేసి ఉంది. కరెంటు పెంచే మర చివరికంటా తిప్పి ఉంది. ఒక క్లిప్పు బ్యాటరీ పెంకునే పట్టుకుని ఉండగా, రెండోది లోపలి తలుపు వైపు పడి ఉంది. ఆ తలుపు అవతల స్టోరు.

గోడమీద సుద్దముక్కతో ఆరు అంకెలున్నాయి. అయిదుచోట్ల 1265, మూడోదానికి 1150. కింద "రెండింటికి లోడు" అని రాసి ఉంది.

"ఇదేమిటమ్మా?"

"ఒక్కో సెల్లులో, అంటే బ్యాటరీలోని ఒక్కో అరలో, యాసిడ్ ఎంత చిక్కగా ఉందో హైడ్రోమీటరుతో తీసిన లెక్క సార్. రాత్రంతా నిదానంగా చార్జింగ్ పెట్టి, పొద్దున ఆపేసి, క్లిప్పులు తీసి, కిటికీ తెరిచి వదిలేశా. చార్జింగ్ అవుతున్నంతసేపూ బ్యాటరీ మండే గాలి వదులుతుంది. అది పోవాలి. పన్నెండింటికి చూస్తే అయిదు సెల్లులూ నిండాయి, మూడోది నిండలేదు. రెండు గంటలకు లోడు పెట్టి, అంటే గట్టిగా కరెంటు లాగి, తట్టుకుంటుందో లేదో చూద్దామనుకున్నా. ఈలోగా, నేను అన్నం తిని గిన్నె కడుక్కుంటుంటే పేలింది."

"కొత్త బ్యాటరీయేనా?"

"గురువారమే స్టోరు నుంచి వచ్చింది."

డిటెక్టివ్ "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" వింటే టైపిస్టుకు ప్రాణం లేచివస్తుంది.

స్టోరు చూసేది యజమాని బావమరిది. షెడ్డులో అందరూ స్టోరు మామ అంటారు. బొద్దుగా, పెట్టె మడతలు పోని కొత్త చొక్కాలో వచ్చాడు.

"శుక్రవారం ఆ వేళకు ఎక్కడున్నారు?"

"సరుకు సర్దుకుంటున్నానండీ. చప్పుడు విని వచ్చా. ఈ గుమ్మం దాటి ఒక్క అడుగు వెయ్యలేదు. యాసిడ్ అంటే నాకు చచ్చేంత భయం."

తరవాత పొడుగు డ్రైవరు వచ్చాడు. తన టాక్సీ బ్యాటరీ ఇంకా ఇవ్వలేదని అక్కతో శుక్రవారం పొద్దున్నే పోట్లాడినవాడు.

"నువ్వో?"

"టాక్సీలో నడుం వాల్చా సార్. సాక్ష్యం ఎవరూ లేరు. ఉన్నమాట చెబుతున్నా, కోపం వచ్చింది నిజమే. కానీ చప్పుడవగానే లోపలికి దూకబోయినవాణ్ని అక్కే జబ్బ పట్టి ఆపింది. లేకపోతే ఈపాటికి నా మొహం మీరు చూడలేకపోయేవారు."

డిటెక్టివ్ షెడ్డు ఆఫీసులోని బల్లకేసి చూశాడు. అక్కడ ఇస్త్రీ బట్టల మూట ఒకటి, ముడి కూడా విప్పకుండా ఉంది. షెడ్డు వాళ్ల ఖాకీ చొక్కాలు శనివారం అన్నీ కలిపి ఉతుకుతారు. కాలరు మీద ఎవరి నంబరు వారిది.

"అందర్నీ ఇక్కడికి పిలవండి. ఆ మూట కూడా తెప్పించండి," అన్నాడు.

చార్జింగ్ గది ముందు అందరూ చేరారు. యజమాని మొహం గంటు పెట్టుకుని నిలబడ్డాడు.

"బ్యాటరీ అక్క చార్జరు ఆపడం మరిచిపోయిందన్నారు. సరే. రెండింటికి లోడు పెట్టి చూడాలంటే బ్యాటరీని కాసేపు కదపకుండా ఉంచాలి. తన చేత్తో గోడమీద అలా రాసుకున్న మనిషి మళ్లీ చార్జింగ్ ఎందుకు పెడుతుంది? పెట్టినా, మర చివరికంటా ఎందుకు తిప్పుతుంది? తిప్పింది ఈ పని తెలియనివాడు. మూడో సెల్లు నిండలేదని గోడమీద చూసి, ఇంకాస్త గట్టిగా చార్జింగ్ పెడితే రెండింటిలోగా నిండిపోతుందనుకున్నాడు. ఎవరూ చూడకుండా కిటికీ మూశాడు. మండే గాలి గదిలోనే నిలిచిపోయింది. అక్క గిన్నె కడుక్కుంటున్న చప్పుడు వినగానే కంగారుపడి, స్విచ్ ఆపకుండా క్లిప్పు లాగేశాడు. నిప్పురవ్వ లేచింది."

"ఎవరు?" అన్నాడు యజమాని.

డిటెక్టివ్ మూట విప్పాడు. ఒక్కో చొక్కా వెలుతురుకు పట్టాడు. డ్రైవరుది బాగానే ఉంది. నాలుగోది పట్టగానే టైపిస్టు నోరు తెరిచింది. కుడి చేతి మీద, వీపు కింది భాగంలో జల్లెడలా చిల్లులు.

"యాసిడ్ పడ్డ నూలు బట్ట ఆ పూట మామూలుగానే కనిపిస్తుంది. ఒక్క ఉతుకు పడిందా, పడ్డచోటల్లా రాలిపోతుంది. ఇది వేసుకున్నవాడు శుక్రవారం చొక్కా అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, మరక కనబడలేదు, నిశ్చింతగా మూటలో వేశాడు. గుమ్మం అవతల ఉన్నవాడి వీపుకు యాసిడ్ తగలదు. చెయ్యి వెనక్కి చాచి క్లిప్పు లాగుతూ, స్టోరు వైపు పారిపోతున్నవాడికే తగులుతుంది." కాలరు యజమానికి చూపించాడు.

"ఏరా!" అన్నాడు యజమాని.

"బావా, నేను..." స్టోరు మామ కొత్త చొక్కా చెమటతో తడిసిపోయింది.

"పాత బ్యాటరీలకు కొత్త కాగితాలు అంటించి, అసలైనవి బయట అమ్ముకున్నాడు," అన్నాడు డిటెక్టివ్. "కొత్తదన్న బ్యాటరీలో సెల్లు నిండకపోవడానికి అదే కారణం, రెండింటి పరీక్షలో అది బయటపడేది. నా మాట ఎందుకు? అక్కనే పరీక్షించమనండి. స్టోర్లో ఇంకా మూడున్నాయి."

అక్క కిటికీ బార్లా తెరిచింది. అందర్నీ నాలుగడుగులు వెనక్కి జరిపింది. మొదటి బ్యాటరీకి లోడు మీటరు తగిలించి పది లెక్కపెట్టింది. ముల్లు పన్నెండున్నర వోల్టుల నుంచి జారి, ఏడు దగ్గర చతికిలబడింది. రెండోదీ అంతే. మూడోది ఆరు.

"ఇవి ఏ టాక్సీకి బిగించినా, బండి నడిరోడ్డు మీద ఆగిపోయేదండీ," అంది నెమ్మదిగా.

డ్రైవరు ఈల వేశాడు. బావమరిదిని చూడలేక తల తిప్పుకున్న యజమాని, అక్క ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తప్పు నాదమ్మా. నీ మాట వినకుండా నోరు పారేసుకున్నా. తాళంచెవి నీ దగ్గరే ఉంచు. ఇక నుంచి స్టోరుది కూడా నువ్వే ఉంచుకో. ఉంటావా?"

అక్క కళ్లు తుడుచుకుంది. పొడుగు డ్రైవరు అడుగుతున్న బ్యాటరీని తెచ్చి బల్లమీద పెట్టింది. చేసిన తప్పు దిద్దుకుందామని యజమాని కూడా గబగబా సాయానికొచ్చి, చార్జరు క్లిప్పు అందుకున్నాడు.

"చెయ్యి తియ్యండి!" గది దద్దరిల్లింది. "స్విచ్ ఇంకా వేసే ఉంది, కనబడటంలేదా? ముందు ఆపాలి. తరవాతే క్లిప్పులు. అన్నీ బిగించాకే స్విచ్. నా గదిలో ఎవరికైనా అదే పద్ధతి!"

యజమాని క్లిప్పు వదిలేసి, బుద్ధిగా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. షెడ్డంతా గొల్లుమంది. టైపిస్టు చప్పట్లు కొట్టింది.

అందరికన్నా ఎక్కువ వెనక్కి జరిగినవాడు డిటెక్టివే.

"ఉంటానంటోంది," అన్నాడాయన సంతోషంగా, అక్కడి నుంచే.