ఎడమ కాలికి తగిన పెడల్

కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర రసూల్ సాహెబ్‌కు వాయిద్యాల అంగడి ఉంది. అందులో పనిచేసే హర్షవర్ధన్‌కు ఒక పేరుండేది. మెట్టెక్కే అడుగుల చప్పుడు విని, వచ్చినవాడు తబలా కొంటాడా, గిటారు కొంటాడా, ఊరికే నాలుగు దెబ్బలు వాయించి పోతాడా చెప్పేస్తాడని. ఒకసారి ఒక దున్నపోతు మెట్టు మీద గిట్ట పెడితే, తలెత్తకుండానే "డోలు కోసం వచ్చినారా అన్నా?" అన్నాడంట. దున్నపోతు బదులు చెప్పలేదు గానీ, డోలు వైపు మాత్రం చూసిందని అంగట్లో వాళ్లు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు.

అట్లాంటి మొనగాడికి ఆ శనివారం అడుగుల చప్పుడే వినపళ్లేదు. తలెత్తేసరికి గల్లా ముందర ఒక పిల్ల నిలబడి ఉంది.

"డబుల్ పెడల్ కావాలప్పా. కొత్తదే. కానీ ఆడేది పాతకాలం తీరుగా ఆడాల."

డ్రమ్ సెట్టులో నేలమీద కూర్చునే పెద్ద డ్రమ్మును కాలితో వాయిస్తారు. మామూలుగా కుడికాలికి ఒకటే పెడల్. డబుల్ పెడల్ అయితే ఎడమకాలికి ఇంకొకటి ఉంటుంది. రెంటినీ ఒక కమ్మీ కలుపుతుంది. రెండు కాళ్లూ ఆడితే ఒక్క డ్రమ్మే రైలొచ్చినట్టు దడదడలాడుతుంది.

"పాతకాలం తీరంటే ఎట్ల మేడమ్?"

"ఇప్పటివి గుద్దుతాండాయి. గుద్దేది వద్దు. కాలు యాడికి పోతే ఆడికి మెత్తగా రావాల. మేడమ్ ఏంది, నా పేరు స్వర్ణలత."

మంగంపేట నుంచి వచ్చింది. వాళ్ల నాయన గాబ్రియేలు ముగ్గురాయి గనుల్లో టిప్పర్ డ్రైవరు. ఆ ఊరి దుమ్ము సంగతి తెలిసిందే, కాకి వారం రోజులుంటే కొంగయి తిరిగొస్తుంది. డిసెంబరులో జిల్లా చర్చిలన్నీ కలిసి సెమీ క్రిస్మస్ జరుపుతాయి. అందులో వాయించే యూత్ బ్యాండుకు డ్రమ్మర్‌ను పదో తేదీన ఎంచుతారు.

"రెండు కాళ్లతో వాయించేవాళ్లే రావాలన్నారు. ఆడపిల్ల ఎడమకాలికి ఊపుండదని కూడా అన్నారు."

"ఎవరన్నారు?"

"ఎవరైతే ఏం? వాయించేటప్పుడు ముందర కూర్చోనుంటారు గదా, చాలు."

ఊపు కోసం ఆర్నెల్లుగా ఆ పిల్ల ఎడమకాలితో మంచం కోడును తంతూనే ఉందట. పొద్దున ఇంట్లో వేసిన మంచం సాయంత్రానికి వీధిలో దొరికేదని గాబ్రియేలు చెప్పేవాడు.

హర్ష అంగట్లోకెల్లా ఖరీదైన గొలుసు పెడల్ తెచ్చి బిగించాడు. స్వర్ణలత దాన్ని వేళ్లతో తాకి కళ్లకద్దుకుని డ్రమ్ము వెనక కూర్చుంది. పది దెబ్బలు కొట్టి లేచింది.

"ఇది కాదు."

రెండోది తెచ్చాడు. స్ప్రింగు ఇంకాస్త బిగించాడు.

"ఇదీ కాదు. ఎడమది వెనకబడతాంది. కాలు పెట్టే పలక గీరుతాంది."

"గీరడం కాదు, అది గ్రిప్పు. కాలు జారకుండా గీతలు పెట్టినారు."

"నా కాలు జారదు."

ఆ జారదు అన్న తీరుకు ఇటువైపు హర్ష గుండె జారింది. పాపం, దానికి ఏ కంపెనీ గ్రిప్పూ పెట్టలేదు.

రెండో శనివారం ఇంకో మూడు పెడళ్లయ్యాయి. వాడు బిగిస్తాడు, ఆమె కాదంటుంది. "రోజంతా కూర్చుంటావా?" అంటే, "ఆఖరి బస్సు ఆరింటికి. అంతవరకూ కూర్చుంటా" అంది. రసూల్ సాహెబ్ కళ్లద్దాల పైనుంచి చూస్తూ ఉండి, ఆమె వెళ్లాక మెల్లగా అడిగాడు.

"ఏం బేటా, శనివారమైతే సెంటు కొడతాండావు. పెడళ్లకు వాసన తెలుస్తాదా?"

మూడో శనివారం వాన. కడపకు వాన రావడమంటే అప్పిచ్చినవాడు రావడం మాదిరి, ఎదురుచూసినప్పుడు రాదు, వస్తే వీధిలో నిలబడనియ్యదు. తడిసిన జడ పిండుకుంటూ వచ్చిన స్వర్ణలత ఎనిమిదో పెడల్ కూడా కాదంది.

"చూడు స్వర్ణలతా, ఇవి బెంగళూరులో పెద్ద పెద్ద డ్రమ్మర్లు వాడేవి. ఎనిమిదిట్లో ఒకటన్నా నచ్చకపోతే తప్పు పెడళ్లలో లేదు."

"అయితే నాలో ఉండాదా?"

"నేనా మాట అన్లేదు."

"నోటిదాకా తెచ్చినావు గదా. వారమే ఉండాది నాకు. నీకాడ లేదంటే లేదని చెప్పు, ఇంకోచోట చూసుకుంటా."

విసురుగా బయటికి నడిచింది. మెట్టుమీద ఆగిపోయింది. ఒక చెప్పు ఉంది, రెండోది కాలవలో కొట్టుకుపోతోంది. హర్ష ఒక్క దూకు దూకాడు. కొబ్బరిబోండాల బండి దాటి, మూడు ఆటోల మధ్య దూరి, చెప్పును పట్టుకున్నాడు. వాడు ఆ చెప్పుకోసం ఏడు రోడ్లూ తిరిగొచ్చాడని తర్వాత అందరూ అన్నారు గానీ అది అబద్ధం. రెండు రోడ్లే.

చెప్పు ఆమె ముందర పెట్టి, రొప్పుతూ అడిగాడు.

"ఇవి బైటెందుకు విడిచినావు?"

"వాయిద్యాలుండే చోటికి చెప్పులతో వస్తారా? మా చర్చిలోనూ అంతే. బైట విడిచిపెట్టే వాయిస్తా."

"అంటే ఎనిమిది పెడళ్లూ ఉత్తకాళ్లతోనే తొక్కినావా?"

"మరి?"

అప్పుడు చూశాడు హర్ష. చెప్పు తొడుక్కునేదానికి ఎత్తిన అరికాలి మీద గీతలు గీతలుగా ఎర్రటి గుర్తులు. తన కాళ్లకేమో అంగుళం మందం బూట్లు. ఆ బూట్లేసుకునే మూడు వారాలుగా ప్రతి స్ప్రింగూ బిగించాడు. బూటు బరువుకు తగిన బిగువు ఉత్తకాలికి బండరాయే. ఎడమకాలు వెనకబడక ఏం చేస్తుంది?

"ఏంది, నా కాళ్లు అట్ల చూస్తాండావు?"

"తప్పు నాది. వాటికే చెప్పుకోవాల. బుధవారం రా స్వర్ణలతా. ఈసారి ముందే తొక్కి చూసి కాదనే పని నాది."

ఆదివారమంతా బూట్లు విప్పి పెడళ్లు తొక్కాడు. ఐదో పెడల్‌కే మడమ బొబ్బలెక్కింది. రసూల్ సాహెబ్ ఇంత వెన్న తెచ్చిచ్చి చెప్పాడు.

"మా కాలంలో ఈ గొలుసులు యాడుండాయి? తోలుపట్టీ ఉండేది. పలక నున్నగా, పొడుగ్గా ఉండేది. కొట్టేదానికి ఉన్ని గుండు. డ్రమ్ము మాట్లాడినట్టుండేది, తిట్టినట్టు కాదు."

సోమవారం ఫోన్లు చేశాడు. ఆ తీరుగానే ఇప్పుడు కొత్తగా చేసిన డబుల్ పెడల్ ఒకటి బెంగళూరులో ఉందన్నారు. మంగళవారం పోయి తెచ్చాడు. దారంతా తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకుంటే, కండక్టరు తొంగిచూసి బిడ్డకు ఎన్నో నెల అని అడిగాడట.

బుధవారం స్వర్ణలత వాళ్ల నాయనతో వచ్చింది. హర్ష బూట్లు లేకుండా, కుంటుతూ ఎదురొచ్చాడు.

"కాలికి ఏమాయనప్పా?" అన్నాడు గాబ్రియేలు.

"పెడల్ సార్."

స్వర్ణలత బొబ్బలను చూసింది. గొంతు తగ్గింది. "అటు తిరుగు. నేను వాయిస్తా. యా దెబ్బ ఎడమకాలిదో నువ్వు చెప్పాల. నాయనా, నువ్వు కూడా గోడ వైపు తిరుగు."

మగవాళ్లిద్దరూ బడిపిల్లల్లా గోడకు తిరిగారు. మొదట అంగట్లో ఉన్నవాటిలో నున్నటి పలక ఉన్న గొలుసు పెడల్.

"ఇది ఎడమ. ఇదీ ఎడమ. మళ్లీ ఎడమ." అన్నీ పట్టేశాడు.

తర్వాత బెంగళూరు బిడ్డ. ఉన్ని గుండు తగిలిన చప్పుడు గుండ్రంగా, లోతుగా వచ్చింది. హర్ష ప్రాణం లేచొచ్చింది. అయినా చెవి అబద్ధమాడలేదు.

"ఎడమ," అన్నాడు నీరసంగా. "కొంచెం తెలుస్తాంది. కమ్మీ బరువంతా ఎడమకే పడతాంది."

"సరే. స్పానర్ ఇయ్యి."

"నేను చూస్తా."

"నా కాలు నాకు తెలుసు. ఇయ్యి."

ఎడమ స్ప్రింగు సగం చుట్టు వదిలింది. వాయించింది. ఇంకా తెలుస్తోంది. పట్టీని ఒక రంధ్రం పైకి మార్చింది. వాయించింది. ఇంకా లీలగా తెలుస్తోంది. గంట గడిచింది. గాబ్రియేలు బస్సు మాటెత్తితే, "పోనీ నాయనా, ఇంకోటొస్తాది" అంది. మరో పావు చుట్టు వదిలి, చెమట తుడుచుకుని, మళ్లీ కూర్చుంది.

ఈసారి దెబ్బలు వానచినుకుల్లా మొదలై చిక్కబడ్డాయి. ఏ చినుకు ఏ మబ్బుదో ఎవరు చెప్పగలరు?

"చెప్పు."

హర్ష చెవి గోడకానించినంత పని చేశాడు. "తెలీడం లేదు."

"నిజంగానా? నన్ను సంతోషపెట్టేకి అంటాండావా?"

"అబద్ధం చెప్పి పదో తేదీ నిన్ను ఓడగొట్టుకుంటానా?"

అన్నాక గానీ ఏమన్నాడో వాడికే తెలియలేదు. పక్కన గాబ్రియేలు గోడమీది సున్నాన్ని శానా శ్రద్ధగా చదువుతున్నాడు.

"ఇదే తీసుకుంటా," అంది స్వర్ణలత.

పదో తేదీన ఐదుగురు వాయించారు. నాలుగో మనిషి స్వర్ణలత. ఊపుండదన్న పెద్దాయన మొదట కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. పాట సగానికి ముందుకొచ్చాడు. చివరికి వంగి డ్రమ్ము కింద చూశాడు, రెండు కాళ్లేనా, మూడోది దాచిందా అని. లేచినప్పుడు కాగితంలో ఆమె పేరే రాశాడు.

బయట హర్ష పెడల్ మోస్తూ నడిచాడు. "ఆదివారం మంగంపేటకు వస్తా."

"ఎందుకు?"

"స్ప్రింగు చూడాల."

"స్ప్రింగు బాగుండాది."

"అయితే నిన్ను చూడాల."

స్వర్ణలత నవ్వు దాచుకోవాలని చూసింది, చాతకాలేదు. "ఒక్క ఆదివారమేనా?"

ముందు నడుస్తున్న గాబ్రియేలు తిరగకుండానే అన్నాడు. "మా ఆరాధన మూడు గంటలప్పా. ప్రసంగమే గంటన్నర. కునుకు తీసినావంటే మా వాళ్లు రెండోసారి రానియ్యరు."

"కునుకు తీయను మామా."

సార్ అనబోయి అట్లా అనేశాడు. నాలుక కరుచుకుని నిలబడిపోయాడు. గాబ్రియేలు కూడా ఆగాడు. కూతురి వైపు చూశాడు. ఆమె తల దించలేదు, సూటిగా చూసింది.

"బరువైతే ఒక పక్క నాకియ్యి అల్లుడూ," అని పెడల్ పెట్టెను చెయ్యేసి పట్టుకున్నాడు గాబ్రియేలు.