పేరు లేని బటన్లు

"ఈ ప్రోగ్రాం రాసిన మహానుభావుడు ఎవరండీ? ఒకసారి దర్శనం చేసుకుందామని వచ్చాను."

రిసెప్షన్‌లో ఆ మాట వినిపించేసరికి అతను మెట్ల మీదే ఆగిపోయాడు. బయట జోరు వాన. ఆమె గొడుగు మడిచి, తెల్లకర్రను కుర్చీకి ఆనించి, తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని నిలబడింది. కళ్లలో చూపు లేదు. ముఖంలో కోపం మాత్రం నిండుగా ఉంది.

ఆఫీసులో అతన్ని అందరూ టిక్కు అంటారు. కొత్త వెర్షన్ విడుదలకు ముందు నింపాల్సిన జాబితా ఒకటుంటుంది. మిగతావాళ్లు దాన్ని రెండు రోజులు నానుస్తారు. ఇతను పది నిమిషాల్లో అన్ని గళ్లలోనూ టిక్కులు పెట్టి ఇచ్చేస్తాడు.

"నేనేనండీ" అన్నాడు.

"అయితే ఇలా కూర్చోండి. నేను పక్కవీధి హాస్పిటల్లో ఫిజియోథెరపిస్టుని. నా పేషెంటు మోకాలు ఇవాళ తొంభై డిగ్రీలు వంగింది. ఆ ముక్క మీ ప్రోగ్రాంలో రాయండి చూద్దాం. కళ్లు మూసుకుని."

ఫోను అతని చేతిలో పెట్టింది. వేలు ఆనించిన చోట ఏముందో ఆ ఫోను పైకి చదివి చెబుతుంది. అతను వేలు జరిపాడు. "బటన్" అంది ఫోను. ఇంకాస్త జరిపాడు. "బటన్." ఇంకాస్త. "బటన్."

"ఏ బటనో చెప్పదేం?"

"అది అడగడానికే ఇంత వానలో వచ్చాను."

అతను ఒక కన్ను కొద్దిగా తెరిచాడు.

"అదిగో, దొంగ! కన్ను తెరిచారు."

"మీకెలా తెలిసింది?"

"ఒడ్డున పడ్డట్టు ఊపిరి తీశారుగా!"

పాత వెర్షన్‌లో బటన్ల మీద మాటలుండేవి. అందంగా ఉండాలని వాటిని తీసేసి బొమ్మలు పెట్టారు. ప్రతి బొమ్మ వెనకా దాని పేరు రాయాలి. ఆ పేరు కంటికి కనిపించదు, కానీ ఫోను చదివేది దాన్నే. నలభైమూడు బటన్లుంటే అతను ఒక్కదానికీ పేరు రాయలేదు. జాబితాలో 'చూపు లేనివారు వాడగలరా?' అని ఒక గడి ఉంది. అందులో అతను పెట్టిన టిక్కు ఉంది.

"చూడకుండా పెట్టేశానండీ" అని ఒప్పేసుకున్నాడు.

"నిజం చెప్పారు కాబట్టి బతికిపోయారు. గురువారం నాకు సెలవు. మళ్లీ వస్తాను, బాగుచేసినవి చూపించండి" అంది ఆమె.

గురువారాలు అలా మొదలయ్యాయి.

"ఇదేంటి? 'ఈ బటన్ నొక్కిన యెడల పేషెంటు వివరములు భద్రపరచబడును.' పేరడిగితే వంశచరిత్ర చెబుతారేం?"

"మరేం రాయమంటారు?"

"'భద్రపరచు.' అంతే. ఒక్కో పేషెంటు దగ్గరా నేనిది ఇరవైసార్లు వినాలి. మీ ఉపన్యాసం పూర్తయ్యేలోపు అతను లేచి ఇంటికెళ్లిపోతాడు."

మూడో గురువారం నాటికి "ఇంక ఈ మీరూ గీరూ ఎందుకు?" అంది ఆమే. ఆ మాటకి అతను తడబడి, అప్పటిదాకా రాసిందంతా తుడిచేశాడు. ఆ పూటంతా మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. ఇద్దరిలో ఎవరూ విసుక్కోలేదు.

ఆమెను దిగబెట్టడానికి వాళ్ల అక్క వచ్చేది. బట్టలు కుట్టే షాపులో పని ఆవిడది. కొలతలు తీసే మనిషి కదా, అతన్ని కూడా పైనుంచి కిందిదాకా కొలిచి చూసింది.

"గురువారమొస్తే ఏడింటికే తయారైపోతుంది మా చెల్లి. ఆ నలభైమూడూ అయిపోతే ఏం చేస్తారు బాబూ మీరిద్దరూ?"

"ఇంకో స్క్రీన్ ఉందండీ" అన్నాడు.

"ఉంటుందిలే" అని అక్క నవ్వింది. చెల్లెలు కర్ర కోసం వెతుకుతున్నట్టు ముఖం పక్కకు తిప్పుకుంది. కర్ర ఆమె చేతిలోనే ఉంది.

కానీ ఇది సరదా వ్యవహారం కాదు. ప్రోగ్రాం మారినప్పటినుంచీ ఆమె రిపోర్టులు ఒక నర్సు రాసిపెడుతోంది. సూపరింటెండెంటు అందుకు నెలాఖరుదాకానే ఒప్పుకుంది. ఆ తర్వాత కూడా సొంతంగా రాయలేకపోతే ఆమెను ఫోన్లు ఎత్తే డెస్కులో కూర్చోబెడతారు.

"ఈ చేతులకి ఈ పని రావడానికి ఆరేళ్లు పట్టింది" అంది ఆమె. "ఏ కండరం ఎక్కడ బిగిసిందో ముట్టుకుంటే తెలిసిపోతుంది నాకు. వీటితో ఫోను ఎత్తి పెట్టమంటారు." ఆగి మళ్లీ అంది, "ఇంకో ఊళ్లో హాస్పిటల్ వాళ్లు రమ్మంటున్నారు. అక్కడింకా పాత వెర్షనే. కాకపోతే నాలుగు గంటల ప్రయాణం. పదిహేనో తేదీలోగా చెప్పాలి."

"ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఒకటో తేదీ వెర్షన్‌లో నీ బటన్లన్నీ మాట్లాడతాయి. పూచీ నాది."

పన్నెండో తేదీన మేనేజరు పిలిచాడు. చెడ్డమనిషి కాదు. కుర్చీ చూపించి, మంచినీళ్లు కూడా ఇచ్చాడు.

"పని బాగుంది. కానీ ఈసారికి వద్దు. ఇది కలిపితే టెస్టింగ్ మొదటినుంచీ చెయ్యాలి. అయినా ఇలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు?"

"నాకు ఒకరు తెలుసు సార్."

"ఒకరి కోసం అన్ని హాస్పిటళ్లనీ ఆపమంటావా? మూడు నాలుగు నెలలు పోనీ, చూద్దాం."

ఆ కంపెనీ ఆమెను పనిగట్టుకుని బయటకు నెట్టలేదు. తలుపు వేసేటప్పుడు వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూడలేదు, అంతే. వేళ్లు నలిగినవాళ్లకు మాత్రం రెండింటికీ తేడా ఉండదు.

పద్నాలుగు, గురువారం. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఆమె కిటికీ పక్కన కూర్చుని చేయి బయటపెట్టింది.

"రేపటితో గడువైపోతుంది. ఆ ఊరివాళ్లకి రానని చెప్పేస్తున్నా. ఒకటో తేదీ ఖాయమేగా?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. చెబితే ఆమె వెళ్లిపోతుంది. మేనేజరును మళ్లీ బతిమాలవచ్చు, ఇంకా పదిహేను రోజులుంది అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

"ఊఁ" అన్నాడు.

రెండుసార్లు బతిమాలాడు. రెండుసార్లూ కాదన్నారు. ఒకటో తేదీ ఉదయం అతని ఫోను మోగింది. ఆమె పలకలేదు. అవతలినుంచి యంత్రం గొంతు ఒక్కటే వినిపించింది.

"బటన్. బటన్. బటన్."

చివరికి ఆమె అడిగింది. "మీకు ముందే తెలుసా?"

ఆ 'మీకు' దగ్గరే అతనికి సగం ప్రాణం పోయింది.

"తెలుసు. పన్నెండో తేదీ నుంచి."

"నేనడిగింది పద్నాలుగున."

"చెబితే వెళ్లిపోతావని... నువ్వంటే నాకు..."

"నేనెందుకు ఆ ఉద్యోగం వద్దన్నాననుకున్నారు? నాకూ వెళ్లాలనిపించకే." ఆమె గొంతు పెంచలేదు. "మీ కంపెనీవాళ్లకి నేనెవరో తెలీదు. మీకు తెలుసుగా."

ఆ వారమే ఆమెను డెస్కుకు మార్చారు. ఒకరోజు అతను హాస్పిటల్ గాజు తలుపు అవతల నిలబడ్డాడు. "ఎముకల డాక్టరుకా? ఉండండి, కలుపుతున్నాను. పిల్లల వార్డుకా? కలుపుతున్నాను" అని చెబుతోందామె. ఫోనుకూ ఫోనుకూ మధ్య కుడిచేత్తో తన ఎడమ మణికట్టునే నొక్కుకుంటోంది. నొప్పేమీ లేదు. చేతులకు పని లేదు. అతను తలుపు తోయలేక వెనక్కి వచ్చేశాడు.

కొన్నాళ్లకు అక్క వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"మీ కంపెనీ మీద మా చెల్లి వికలాంగుల హక్కుల కార్యాలయంలో ఫిర్యాదు పెట్టింది. తెలిసే ఆపేశారనడానికి సాక్ష్యం ఏదీ అంటున్నారు అక్కడివాళ్లు. నిన్ను అడగమని అది చెప్పలేదు. నేనే వచ్చాను."

"చెప్పినా చెప్పకపోయినా ఇస్తానక్కా."

"ఉద్యోగం పోతుందేమో, ఆలోచించుకో."

"ఆలోచించాల్సిన రోజున ఆలోచించలేదు" అని కాగితం తీసుకున్నాడు. చూడకుండా టిక్కు పెట్టింది తనేనని రాశాడు. నలభైమూడు పేర్లూ సిద్ధం చేశాక పన్నెండో తేదీన ఆపేశారని రాశాడు. 'ఆ సంగతి తెలిసి కూడా ఆమెకు చెప్పలేదు' అన్న వాక్యం ఫిర్యాదుకు అక్కర్లేదు. అదీ రాసి సంతకం పెట్టాడు. అక్క ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, అతని భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా కంపెనీ అతన్ని మర్యాదగానే సాగనంపింది. అతను ఓ చిన్న సంస్థలో చేరాడు. అక్కడి జాబితా నింపడానికి ఒక్కోసారి మూడు రోజులు పట్టేది. ఏమిటీ ఆలస్యమని విసుక్కునేవాళ్లు. ఇక్కడ అతన్ని ఎవరూ టిక్కు అనలేదు.

ఆ పేర్లు పెట్టడానికి కంపెనీకి హక్కుల కార్యాలయం ఉత్తర్వు కావాల్సి వచ్చింది. అందుకు అయిదు నెలలు పట్టింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె ఫోను చేసింది.

"ఇవాళ రిపోర్టు నేనే రాశానండీ. ఎవరి సాయమూ లేకుండా."

"చేతులు ఎలా ఉన్నాయి?" అని అడిగాడు అతను.

"పాత పట్టు ఇంకా రాలేదు. అయిదు నెలలు ఖాళీగా ఉన్నాయి కదా. బిగిసిన చోటు ఒక్కోసారి రెండుమూడుసార్లు వెతుక్కోవాల్సి వస్తోంది. వస్తుందనే అంటున్నారు తోటివాళ్లు."

"నేను రావచ్చా?"

"వద్దు. కోపం ఇంకా ఉంది."

"ఎన్నాళ్లుంటుంది?"

"తెలీదు. తగ్గితే ముందు మీకే చెబుతాను. ఎప్పటికీ తగ్గదని తేలినా చెబుతాను. ఏ సంగతీ తెలియకుండా మిమ్మల్ని ఎదురుచూడనివ్వను."

అటునుంచి ఎవరో పేషెంటు ఆమెను పిలిచారు. "వస్తున్నానండీ, పడుకోండి, కాలు వదులుగా పెట్టండి" అంది వాళ్లతో. పని ఉన్న మనిషి తొందర ఆ గొంతులో. ఫోను పెట్టెయ్యడం మరిచిపోయి వెళ్లినట్టుంది. అతను కూడా పెట్టలేదు. "ఇక్కడేనా నొప్పి? ఇక్కడా?" అని ఆమె అడుగుతూ ఉంటే చెవి దగ్గర ఆనించుకుని వింటూ ఉండిపోయాడు.