మోచెయ్యి సైగ

దోనా అర్మిందా తన కాఫీ కొట్టుకి వచ్చిన సైకిలు వాళ్ళని చూసి నవ్విన పాపాన ఏనాడూ పోలేదు. పెడల్‌కి పట్టి ఉండేందుకు వాళ్ళ బూట్ల అడుగున బిగించుకునే బిళ్ళలు ఆమె తుడిచి పెట్టుకున్న రాతినేలని గీకేస్తాయి. పదిమంది వచ్చి మూడు కాఫీలు తాగుతారు, గంటసేపు కదలరు, పోతూ పోతూ సీసాల నిండా నీళ్ళు పట్టుకుపోతారు. అందుకే ఆ నవంబరు రెండో తారీకు మధ్యాహ్నం ఎతెల్వినా, ఆమె తమ్ముడు అమిల్కార్ వచ్చి కూర్చుంటే, అర్మిందా కాఫీ కప్పుల్ని బల్ల మీద పెట్టిందనడం కంటే పడేసిందనడం సబబు.

ఎతెల్వినా అవేవీ లెక్కచేసే మనిషి కాదు. కొండ కింద తమ ఊళ్ళో ఉన్న సైకిలు సంఘానికి దారులు ఏర్పాటు చేసేది ఆవిడే. ఆదివారం లిస్బన్ నుంచి పెద్ద గుంపు వస్తోంది. ఏటా తొక్కే రోడ్డేమో వానలకి కోసుకుపోయింది. మిగిలింది ఈ ఊరి మీదుగా కొండ దాటి దిగే పాత దారి ఒక్కటే. అదెలా ఉందో ఒకసారి తొక్కి చూసుకుని, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. అమిల్కార్‌కి ఇంట్లో నెలల పసిగుడ్డు ఉంది. వెలుగుండగానే మీ ఆయన్ని తెచ్చి అప్పగిస్తానని మరదలు సెలెస్తెకి మాటిచ్చి మరీ తీసుకొచ్చింది.

తల్లి పోయినప్పుడు అమిల్కార్ బళ్ళో కూడా వెయ్యని పిల్లాడు. అప్పట్నుంచీ వాడికి సూపు తాగించిందీ, సైకిలు నేర్పిందీ, పెళ్ళి చేసిందీ అక్కే. వాడికేమన్నా అయితే తను బతకదని ఆవిడకి తెలుసు. తెలుసు కాబట్టే రోడ్డు మీద వాణ్ణి తిట్టినట్టు ఇంకెవర్నీ తిట్టదు.

ఆదివారం సంగతి చెవిన పడగానే కొట్టులో మాటలు ఆగిపోయాయి. మూల కూర్చున్న ముసలాయన కాల్చిన చెస్ట్‌నట్ గింజ తొక్క వలిచి, ఎతెల్వినా బూటు పక్కనే ఉమ్మాడు. ఈ దారిన మీ గుంపు ఆదివారమే కాదు, ఏ వారమూ పోవడానికి వీల్లేదని దోనా అర్మిందా తేల్చి చెప్పింది. దారి చూపే బాణం గుర్తులు కడితే పీకి పొయ్యిలో పెడతామంది. రోడ్డేమీ ఎవరి అబ్బసొత్తూ కాదని ఎతెల్వినా కూడా అంతే ఘాటుగా అనేసింది.

 దోనా అర్మిందా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించింది.

"సరే, పో తల్లీ. ఆత్మల గూడు దగ్గర మాత్రం దిగండి. మలుపు దాటేదాకా నడవండి. మావాళ్ళు గాడిద మీద పోయినా దిగుతారు. అందులోనూ ఇవాళ చచ్చినవాళ్ళ రోజు."

"నడిస్తే మా బూట్ల బిళ్ళలు అరిగిపోతాయి దోనా అర్మిందా," అన్నాడు అమిల్కార్, వాడికి నోరు ఊరుకోదు. "కొత్తవి మీరు కొనిపెడతారా?"

"నీకు కొత్త బూట్లు తొడిగేవాళ్ళు వస్తార్లే నాయనా," అంది ఆవిడ. ఆ కొండల్లో ఒకరు కొత్త బూట్లు తొడిగేది శవానికే.

బయటికొచ్చేసరికి కొండ తల కనపడటం లేదు. పొగమంచు చెట్ల మధ్య నుంచి మెల్లగా కిందికి దిగుతోంది. రెండేళ్ళ కింద కాలిపోయిన పైన్ చెట్లు అటూ ఇటూ నల్లగా నిలబడి ఉన్నాయి. తడిసిన బూడిద వాసన, దాని వెనకే యూకలిప్టస్ ఘాటు. రోడ్డు మీద రాలి కుళ్ళిన ఆకుల మీద టైర్లు చప్పచప్పమంటున్నాయి. ఎక్కడో కింద లోయలో గొర్రెల గంట ఒకటి కాసేపు వినిపించి ఆగిపోయింది.

ఎదురుగాలి మొదలైంది. అమిల్కార్ అలవాటు ప్రకారం అక్క వెనకచక్రానికి అంటుకుపోయాడు. ముందువాడి వెనకే ఒదిగి తొక్కితే గాలి తగలదు, సగం కష్టం తప్పుతుంది. అందుకే సైకిలు వాళ్ళందరూ వంతులేసుకుని ముందుకెళతారు. ముందున్నవాడు అలిసిపోతే మాటేమీ అనడు, మోచెయ్యి ఒకసారి ఇలా ఆడించి పక్కకి తప్పుకుంటాడు. వెనకున్నవాడు ముందుకెళ్ళాలి. ఆ సైగ చూసి కూడా ముందుకెళ్ళనివాడికి గుంపులో మర్యాద ఉండదు. బిడ్డ పుట్టాక నిద్రలేక అమిల్కార్ ఈ మధ్యంతా తన వంతులు ఎగ్గొట్టాడు. సంఘంలో వాడికి చక్రం చీకుడుగాడని పేరు పెట్టారు. వాడు నవ్వేసేవాడే గానీ, ఆ మాట లోపల ఎంత గుచ్చుకుందో అక్కకి తెలుసు.

ఆత్మల గూడు కొండ భుజాన వచ్చింది. రాతిలో తొలిచిన చిన్న గూడు, లోపల నీలం పింగాణీ పలక మీద మంటల్లో చేతులెత్తి నిలబడ్డ మనుషుల బొమ్మలు. ఎవరో చామంతులు పెట్టి, నూనెదీపం వెలిగించి వెళ్ళారు. ఎతెల్వినా బ్రేకు మీద చెయ్యేసింది. దిగుదామా అనుకుంది. ఆ బిళ్ళల బూట్లతో తడి రోడ్డు మీద నడవడమంటే అడుగడుగునా జారడమే. ఈలోగా అమిల్కార్ ఈలవేసుకుంటూ ఆమెని దాటి మలుపు తిరిగిపోయాడు. పొగమంచులో వాడి వీపు కనపడకుండా పోయేసరికి ఆమె ఇంక దిగలేదు. వాడి వెనకే తొక్కింది.

మలుపు తిరగ్గానే గాలి పడిపోయింది. తగ్గడం కాదు, ఎవరో తలుపు మూసినట్టు ఒక్కసారిగా ఆగిపోయింది.

అమిల్కార్ ముందు ఇంకెవరో ఉన్నారు. ఒకరు కాదు, ఏడెనిమిది మంది. ఎప్పుడు కలిశారో ఆమె చూడలేదు. పాతకాలపు ఉన్ని చొక్కాలు, భుజాల మీద అడ్డంగా వేసుకున్న టైర్లు, పాదాలకి తోలు పట్టీలు. ఈ చుట్టుపక్కల పాత సైకిళ్ళు బయటికి తీసి సరదాగా తొక్కేవాళ్ళు ఉన్నారు, వాళ్ళే అయివుంటారనుకుంది. అమిల్కార్ అప్పటికే హాయిగా వాళ్ళ వెనక చేరిపోయాడు. చెయ్యెత్తి పలకరించాడు కూడా. వాళ్ళు వంచిన తలలతో తొక్కుతూనే ఉన్నారు.

ఆమెకి మొదట వాసన తెలిసింది. తడి ఉన్ని, కర్పూరం, అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి. తర్వాత ఇంకొకటి తోచింది. తడి రోడ్డు మీద ముందున్నవాళ్ళ చక్రాల నుంచి నీళ్ళు ముఖాన చిందాలి. కళ్ళలో పడాలి, నోట్లో ఇసుక కరకరలాడాలి. వాళ్ళలో ఒకడి చక్రం వెనకే ఉన్నా ఆమె ముఖం మీద ఒక్క చుక్క కూడా పడలేదు. ఆమె వాళ్ళ చక్రాల వంక చూసింది. అవి తిరుగుతున్నాయి... చప్పుడు లేదు.

"ఏ ఊరండీ మీది?" అని అడిగింది. తన గొంతు తనకే సన్నగా వినిపించింది.

పక్కనున్నవాడు తల తిప్పాడు. ముఖం ఉంది. కుర్రవాడి ముఖమే. అందులో అలసట తప్ప ఇంకేమీ లేదు.

"ఇల్లు... ఎంత దూరం?" అన్నాడు గుసగుసగా.

ఎతెల్వినా చూపు తిప్పేసి ముందుకి చూసింది. 

అందరికంటే ముందున్నవాడు మోచెయ్యి ఆడించాడు. పక్కకి తప్పుకుని వెనక్కి జారాడు. రెండోవాడూ అంతే. మూడోవాడూ అంతే. ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. వాళ్ళ మధ్య దారి తెరుచుకుంటోంది... ఇప్పుడు అమిల్కార్ ముందు ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడూ మోచెయ్యి ఆడించాడు.

"వద్దురా," అంది ఆమె. "వెళ్ళకు."

"నా వంతక్కా," అన్నాడు వాడు. ఆ గొంతులో గర్వం ఉంది. పెడల్ మీద లేచి, ముందుకెళ్ళిపోయాడు.

అప్పుడు దారి కిందికి తిరిగింది. ఆ దిగుడు నేరుగా వెళ్ళేది తమ ఊరికే. ఊళ్ళో మొదటి ఇల్లు అమిల్కార్‌దే. పొయ్యి పక్కన సెలెస్తె, చెక్క ఉయ్యాల్లో పసిపిల్ల లిడియా. చచ్చినవాళ్ళు ఊరేగింపుగా వచ్చి ఏ గుమ్మం ముందు ఆగుతారో ఆ ఇంట్లోంచి మర్నాడు శవపెట్టె లేస్తుందని ఈ కొండల్లో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. వీళ్ళకి దారి చూపించేవాడు కావాలి. ముందున్నవాడి ఇల్లే వీళ్ళ ఇల్లు. ఆ ఆలోచన రాగానే ఆమెకి భయం కంటే ముందు కోపం వచ్చింది. నా పిల్లాడేనా దొరికాడు మీకు, అనుకుంది.

పళ్ళు బిగించి వాళ్ళ మధ్యలోకి దూరింది. భుజాలు తగిలాయి. తీగ మీద ఆరేసిన తడిబట్టల మధ్య నుంచి పోయినట్టుంది. బరువు లేదు, గట్టితనం లేదు. ఎవరూ అడ్డు రాలేదు. అందరూ ఆమె వైపు తలలు తిప్పి చూస్తున్నారు... అదే ముఖం, అదే అలసట.

అమిల్కార్ పక్కకి చేరింది. వాడి పెదాలు నీలంగా ఉన్నాయి.

"కాళ్ళు ఆగట్లేదక్కా," అన్నాడు. ఏడుస్తున్నాడు.

"ఆగుతాయి. నేను ముందుకెళ్ళగానే దిగు. దిగి నడువు. వెనక్కి చూడకు."

ఒంట్లో ఉన్న బలమంతా కాళ్ళలోకి తెచ్చుకుని వాడి ముందుకి దూకింది. మోచెయ్యి చాచి అడ్డంగా పెట్టింది. వెనక వాడి సైకిలు రోడ్డు మీద పడిన చప్పుడు. బూట్ల బిళ్ళలు టకటకమన్నాయి. దూరమయ్యాయి. బతికాడు, అనుకుంది ఆమె. ఆ ఒక్క మాట మనసులో పదేపదే అనుకుంటూ తొక్కింది.

ఇప్పుడు వాళ్ళందరూ ఆమె వెనక ఉన్నారు. చప్పుడు లేదు, ఊపిరి లేదు... బరువు మాత్రం ఉంది. దిగుడులో కూడా సైకిలు ఎత్తు ఎక్కుతున్నట్టుంది. మెడ మీద చల్లగా ఏదో తగులుతోంది. ఆమె తిరిగి చూడలేదు. చలికి చేతి వేళ్ళు కొయ్యబారాయి. వాళ్ళు బతికున్నప్పుడు ఎంత దూరం తొక్కారో, ఎవరు వాళ్ళని ఎక్కడ వదిలేశారో అని ఒక్క క్షణం జాలి కలిగింది. ఆ జాలి వెంటనే చచ్చిపోయింది, ఎందుకంటే ఊరి దీపాలు కనపడ్డాయి.

దారి రెండుగా చీలింది. ఎడమవైపు తమ్ముడి ఇల్లు. వంటింటి కిటికీలో వెలుగు. లోపల్నుంచి లిడియా ఏడుపు వినిపించింది. వెనకున్న బరువు అటు మొగ్గింది... హ్యాండిల్ తనంతట తనే ఎడమకి లాగింది. ఆమె రెండు చేతులతో బిగబట్టి కుడికి తిప్పింది.

కుడిదారి సమాధుల తోటకి పోతుంది. ఊరివాళ్ళు సాయంత్రం వచ్చి పూలు పెట్టి, దీపాలు వెలిగించి ఇళ్ళకి మళ్ళిపోయారు. గేటు తెరిచే ఉంది. ఎర్ర గాజుబుడ్డీల్లో వందలాది ఒత్తులు వెలుగుతున్నాయి. ఆమె ఆపకుండా లోపలికి తొక్కింది. కంకర మీద చక్రం జారి, తల్లి సమాధి పక్కన బోర్లాపడింది.

"వచ్చేశాం," అంది నేలమీద ముఖం పెట్టుకునే. "ఇల్లు ఇదే. దిగండి."

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత గాలి వచ్చింది, మామూలు గాలి, మైనం వాసనతో, చామంతుల వాసనతో. ఆమె తల తిప్పి చూసింది. గేటు దాకా ఎవరూ లేరు. కంకర మీద ఒక్క చక్రం గీతే ఉంది. ఆమె అక్కడే కూర్చుని, తల్లి సమాధి రాయిని పట్టుకుని భోరుమని ఏడ్చింది. దీపాల్లో సగం ఆరిపోయాక లేచి, సైకిలు నడిపించుకుంటూ తమ్ముడి ఇంటిదారి పట్టింది.

తలుపు తీసింది సెలెస్తె. పొయ్యి దగ్గర, కంబళి కప్పుకుని, చేతిలో క్యాబేజీ సూపు గిన్నెతో అమిల్కార్ కూర్చుని ఉన్నాడు. పెదాలకి ఎరుపు తిరిగొచ్చింది. ఎతెల్వినా వాడి తల గుండెకి హత్తుకుంది. వాడు బతికే ఉన్నాడు, వెచ్చగా ఉన్నాడు. ఆ ఇంట్లో ఉన్న వేడి, మొక్కజొన్న రొట్టె వాసన, అన్నీ ఆమెకి ఒక్కసారిగా ఎంతో ప్రియంగా తోచాయి. సెలెస్తె మాత్రం ముఖం గంటు పెట్టుకునే ఉంది. వెలుగుండగానే అని చెప్పి ఇంత చీకటి చేస్తారా, సైకిలు రోడ్డున పారేసి వస్తారా అని ఇద్దర్నీ కలిపి దులిపేసింది. ఎంత తిట్టినా సమ్మగానే ఉంది ఎతెల్వినాకి.

"అయినా వదినా, మనిషిని తీసుకొస్తున్నారని ముందే ఒక మాట చెప్పాల్సింది," అంది సెలెస్తె. "సూపు పోశాను. ముట్టుకోనే లేదు."

బల్ల మీద ఇంకో గిన్నె ఉంది. నిండుగా ఉంది.

ఎతెల్వినా తమ్ముడి వంక చూసింది.

"నువ్వు దిగమన్నావుగా అక్కా," అన్నాడు అమిల్కార్ నెమ్మదిగా. "నాతోపాటు వాళ్ళలో ఒకతను కూడా దిగాడు. వెనక్కి చూడకన్నావని చూడలేదు. పక్కనే నడిచాడు. ఒక్క మాటా మాట్లాడలేదు. గుమ్మం దాకా వచ్చినవాణ్ణి, ఈ చలిలో ఎలా పొమ్మంటాం..."

"ఎక్కడున్నాడు?"

ఎతెల్వినా అరిచినంత పని చేసింది.

"మెల్లగా వదినా," అంది సెలెస్తె, పెదాల మీద వేలు పెట్టుకుని. "సాయంత్రం నుంచీ ఒకటే ఏడుపు పిల్ల. అతనే లోపలికెళ్ళి ఉయ్యాల పట్టుకున్నాడు. చెయ్యి పడిందో లేదో, ఊరుకుంది."

లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. దాని వెనక చెక్క ఉయ్యాల కిర్రు... కిర్రుమని ఊగుతోంది. ఎతెల్వినా అటు నడిచింది. బూట్ల బిళ్ళలు నేలమీద టకటకమన్నాయి. తలుపు మీద చెయ్యి వేసింది.

ఉయ్యాల ఆగింది.