నీడ పడాల్సిన వైపు

2000వ సంవత్సరం, అక్టోబరు ఆరు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం రంగనాథ్ తిన్నది వేడన్నం, గోంగూర పచ్చడి, సూపర్‌మార్కెట్‌లో కొన్న పెరుగు. పచ్చడి తెచ్చినాయన ఎదురుగా కూర్చుని తింటున్నాడు. మంకీ క్యాప్, చేతులు లేని స్వెటర్, నుదుట విభూతి. ఎవరు చూసినా కూతురి పురిటికని గుంటూరు నుంచి ఐర్లండ్‌లో డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్ వచ్చిన పెద్దాయన అనుకుంటారు. ఆయన పేరు రామలింగేశ్వరరావు. భారత గూఢచారి విభాగంలో యూరప్ సెక్షన్ చీఫ్. పైకి ఫొటోగ్రాఫరైన రంగనాథ్ ఆయన మనిషే.

"ఎలా ఉందయ్యా పచ్చడి?"

"బాగుంది సార్."

"మీ ఆవిడ చేతి రుచి రాదనుకో..." అని ఆగిపోయాడు. సులోచన పోయి ఏడాది దాటింది. రంగనాథ్ ఆయన పళ్లెంలో ఇంకో గరిటెడు అన్నం వడ్డించాడు. మాట తప్పించడానికి అన్నాన్ని మించింది లేదు.

చీఫ్ చెయ్యి కడుక్కుని వచ్చి గొంతు తగ్గించాడు.

"ఫొటోలు అమ్మే మార్టెన్స్ పిక్చర్ లైబ్రరీ తెలుసుగా? డబ్లిన్‌లో నది పక్కన కొత్త గాజు బిల్డింగు."

"తెలుసు. ఈ ఆదివారం నా స్లైడ్ షో వాళ్లదే. రోమన్ కట్టడాలు, సముద్ర తీరాలు."

"ఆ షోలోనే ఒక స్లైడ్ అమ్ముడవుతుంది. మన తూర్పు తీరంలో నేవీ వాళ్లు కొత్తగా కట్టిన రాడార్ స్టేషన్. పాత రోమన్ రేవు శిథిలాలు తీస్తున్నానని చెప్పి మార్టెన్స్ మనిషి తీశాడు. లిబియా అని లేబుల్ అంటించి నీ స్లైడ్లలో కలిపేశారు. కొనేవాడు హాల్లో కూర్చుని చూస్తాడు. నచ్చితే స్లైడ్ల ట్రేతో సహా పట్టుకుపోతాడు."

"అందరి ముందూనా?"

"మార్టెన్స్ పద్ధతే అది. తలుపులు మూసుకుని చూపిస్తే అనుమానం వస్తుంది. టీ, బిస్కెట్లు ఇచ్చి చూపిస్తే ఎవరికొస్తుంది?"

రంగనాథ్ పళ్లాలు తీస్తూ అన్నాడు. "స్టేషన్ సంగతి రేపో మాపో శాటిలైట్‌కి తెలుస్తుంది. మీరు విభూతి పెట్టుకుని ఇంత దూరం వచ్చింది దానికోసం కాదు."

చీఫ్ మంకీ క్యాప్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఫొటోలో ఒక పడవ పడింది. పడవలో మన కుర్రాడున్నాడు. రేవంత్. మార్టెన్స్ గ్యాంగులో మెకానిక్‌గా చేరి రెండేళ్లయింది. మార్టెన్స్‌కి వాడెవడో తెలియదు. కొనేవాడికి తెలుసు. ఇదివరకు ఒకసారి ఎదురుపడ్డారు. ఆ స్లైడ్ భూతద్దం కింద పెట్టిన మరుక్షణం ఒక ఫోన్ కాల్, అంతే. పడవ ఇప్పుడు సముద్రం మీద ఉంది. ఆదివారం రాత్రికిగాని ఒడ్డుకు రాదు. హెచ్చరించే దారి లేదు."

"కాపీలు?"

"లేవు. కాపీ ఉన్న సరుకును వాళ్లు కొనరు."

స్లైడ్ ఫిల్ముకు నెగటివ్ ఉండదు. కెమెరాలో తిరిగిన ఫిల్మే ఫొటో అవుతుంది. అది పోతే పోయినట్టే. ఆ సంగతి రంగనాథ్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు.

"దొంగిలిస్తే?"

"మార్టెన్స్ దగ్గరున్న మన మనిషి దొరికిపోతుంది. ప్రమాదంలా కనపడాలి." చీఫ్ పచ్చడి జాడీ మూత తిప్పి, అడుగు అర నుంచి ఒక పెన్ను తీశాడు. "నొక్కితే యాసిడ్ చిమ్ముతుంది. లేటెస్ట్."

"ట్రే దగ్గరికి నన్ను రానిస్తే కదా సార్."

"అయితే సంతకాలకు వాడుకో. కాంటాక్ట్ రేపు కలుస్తుంది."

*

డబ్లిన్‌కి ఉత్తరాన లఫ్‌షినీ దగ్గర సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక మెట్ట ఉంది. గడ్డి, గాలి, పాత కాపలా బురుజు. రోమన్ సామాను దొరికిందని చెప్పుకునే చోటు. రంగనాథ్ ట్రైపాడ్ కాళ్లు రాళ్ల మధ్య దించి నిలబెడుతుంటే వెనక నుంచి ఆడగొంతు వినిపించింది.

"రోమన్లు గిక్కడిదాంక వచ్చిన్రా?"

"నాణేలు వచ్చాయి. మనుషులు రాలేదు."

కోడ్ సరిపోయింది. ఎర్ర కోటు, నల్ల కళ్లద్దాలు, ఈ గాలిలో కూడా చెదరని జుట్టు. మార్టెన్స్ ఆఫీసు మేనేజర్ ఆమని. నలుగురూ ఆమెను మార్టెన్స్ కుడిభుజం అంటారు, అంతకన్నా ఎక్కువే అని గుసగుసలాడతారు. వరంగల్ పిల్ల. ఆమె డిపార్ట్‌మెంట్ మనిషని ప్రపంచంలో ముగ్గురికే తెలుసు.

"ఏంది గురువుగారూ, గాలికి కెమెరా కొట్టుకపోయేటట్టున్నది. గీ గడ్డిల ఏం దీస్తరు?"

"వెలుగు తీస్తాను. గడ్డి దానంతటదే వస్తుంది."

ఆమె నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "గా స్లైడ్ నేను సూడలే. ట్రే మార్టెన్సే నింపిండు. తాళమేసి పెట్టుకున్నడు. ఎనభై స్లైడ్లల ఏదో నాకు తెల్వదు."

"నేను కనిపెడతాను."

"ఎట్ల? లేబుల్ లిబియా అనే ఉంటది గద."

"లిబియా తీరంలో సముద్రం ఉత్తరాన ఉంటుంది. పొద్దెక్కాక సూర్యుడు అటునుంచి రాడు. అక్కడ నీడలన్నీ నీళ్లవైపు పడతాయి. మన తూర్పు తీరంలో పొద్దున సూర్యుడు సముద్రం మీద ఉంటాడు. నీడలు మనవైపు వస్తాయి. లేబుల్ మార్చారు. నీడను మార్చలేరు."

ఆమని కళ్లద్దాలు తీసింది. రాత్రంతా ఏడ్చిన కళ్లు.

"గురువుగారూ, పడవల ఉన్నది ఎవరో సార్ చెప్పిండా?"

"రేవంత్ అని చెప్పారు."

"మా ఆయన."

అలలు కింద రాళ్లకు తగిలి వెనక్కు పోయాయి. ఆమె మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుంది. "పెండ్లయిన నెలకే పంపిన్రు. ఆయనను గటు, నన్ను గిటు. నేను మార్టెన్స్ పక్కన నవ్వుకుంట తిరుగుతున్న. ఆయనకేమన్న అయితే గా మార్టెన్స్‌నే సంపుతనేమో అని భయమైతుంది."

"వద్దు. ఆదివారం కూడా అలాగే నవ్వు," అన్నాడు రంగనాథ్ మెల్లగా. "మిగతాది నాకు వదిలెయ్యి."

*

లఫ్‌షినీ పక్క ఊరు స్కెర్రీస్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న పాత హోటల్ అది. ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. ఊరి చరిత్ర సంఘం పెద్దవాళ్లు, తడి కోట్ల వాసన, కెటిల్ ఈల. మూడో వరసలో బూడిదరంగు సూటువాడు టీ ముట్టుకోకుండా కూర్చున్నాడు. కొనేవాడు అతనే.

రంగనాథ్ అందరికన్నా ముందే వచ్చి ప్రొజెక్టర్ సర్దుకున్నాడు. ట్రేను మార్టెన్స్ వదలడు గాని యంత్రాన్ని ఎవరూ కాపలా కాయరు. లోపల బల్బుకూ స్లైడుకూ మధ్య ఒక గాజు పలక ఉంటుంది. బల్బు వేడి ఫిల్ముకు తగలకుండా అదే ఆపుతుంది. రంగనాథ్ చిన్న స్క్రూడ్రైవర్‌తో మూత విప్పి, రుమాల్లో చుట్టి ఆ పలకను విరిచాడు. ముక్కలను యంత్రం అడుగునే వదిలి మూత బిగించాడు. దానంతటదే పగిలినట్టుంది. ఇక ఏ స్లైడైనా తెర మీద ఒక నిమిషం నిలిస్తే మాడిపోతుంది.

అంటే మిగతావన్నీ గబగబా తిప్పాలి. నిలపాల్సింది ఒక్కటే.

మార్టెన్స్ తాళం తీసి ట్రేను తన చేత్తోనే యంత్రం మీద పెట్టాడు. పొడుగాటి మనిషి, మర్యాదస్తుడు. "ఆల్ యువర్స్, ప్రొఫెసర్," అన్నాడు. ఆమని అతని మోచెయ్యి పట్టుకుని అందంగా నవ్వింది.

దీపాలు ఆరాయి. తోరణాలు, స్నానశాలలు, ఉప్పుగాలికి అరిగిన స్తంభాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. రంగనాథ్ రిమోట్ నొక్కుతూ రెండేసి ముక్కల్లో చెప్పి దాటేస్తున్నాడు.

"ఏమంత తొందర నాయనా? రోమ్ కట్టడానికి మీకన్నా ఎక్కువసేపే పట్టింది," అంది ముందు వరసలోని ముసలావిడ. ఆమె పేరు నోరా టల్లీ, సంఘం అధ్యక్షురాలు. హాలంతా నవ్వింది.

"టీ చల్లారిపోతుందని మేడమ్."

ట్రే సగం దాటింది. లిబియా మొదలైంది. నీడలు నీళ్లవైపు. మళ్లీ నీళ్లవైపు. తర్వాతిది ఇటుక గోడ. వెనక సముద్రం. గోడ నీడ మాత్రం ఇసుక మీదుగా చూసేవాళ్ల కాళ్ల దగ్గరికి వచ్చి పడింది.

రంగనాథ్ బొటనవేలు రిమోట్ మీంచి తీసేశాడు. కుడి పక్కన గుడిసె వెనక రాడార్ స్తంభం. ఎడమ పక్కన పడవ. కాన్వాసు నీడలో ఒక మనిషి తల ఇటు తిప్పి చూస్తున్నాడు.

ఇప్పుడు మాట్లాడాలి. గబగబా తిప్పే మనిషి ఇక్కడే ఎందుకు ఆగాడో ఎవరికీ అనుమానం రాకుండా మాట్లాడాలి. అతనికి అబద్ధమేదీ తట్టలేదు.

"ఇలాంటి ఒడ్డున నా భార్య కాళ్లు తడుపుకునేది," అన్నాడు. "నేను గంటలు గంటలు వెలుగు కోసం కూర్చుంటే, ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని అటూ ఇటూ నడిచేది. ఒక్కసారీ విసుక్కోలేదు. పోయే ముందు ఆస్పత్రిలో కూడా, కిటికీలోంచి ఎండ పడిందని చెప్పి నన్ను పిలిచి చూపించింది. కెమెరా తెచ్చుకోలేదా అని అడిగింది."

హాల్లో వాళ్లు టీ కప్పులు కింద పెట్టి విన్నారు. బూడిదరంగు సూటువాడు మాత్రం లేచాడు. పడవలోని మనిషినే చూస్తూ, కుర్చీల మధ్యగా తెరవైపు నడిచాడు. నాలుగడుగులు. ఇంకో రెండు. మెడ చాచాడు.

తెర మధ్యలో గోధుమరంగు బుడగ లేచింది. అది ఇసుకను తిని, గోడను తిని, పడవ మీదికి పాకింది. కాన్వాసు, తల, సముద్రం అన్నీ ముడుచుకుపోయాయి. తెల్లటి వెలుగు ఒక్కటే మిగిలింది. కాలిన వాసన.

"లైట్స్!" మార్టెన్స్ లేచి నిలబడ్డాడు. అతని చూపు రంగనాథ్ మీద లేదు. ఆమని మీద ఉంది. ప్రొజెక్టర్ తెప్పించింది ఆమే. బూడిదరంగు సూటువాడి చెయ్యి కోటు లోపలికి వెళ్లింది.

ఒక్క స్లైడ్ కాలితే అది కుట్ర. రెండు కాలితే యంత్రం చెడినట్టు. రంగనాథ్ రిమోట్ నొక్కాడు.

తర్వాతి స్లైడ్ వచ్చింది. లిబియాలోని సబ్రాతా. రోమన్ రంగశాల మూడంతస్తుల స్తంభాలు, వాటి వెనక నీలం గీతలా సముద్రం. స్తంభాల ఎత్తు తెలియడానికి కింద ఒక మనిషిని నిలబెట్టడం ఫొటోగ్రాఫర్ల అలవాటు. అక్కడ నిలబడింది సులోచన. ఎప్పుడూ వీపు తిప్పి నిలబడేది. ముఖం ఫొటోలో పడటం ఇష్టముండేది కాదు. ఆ ఒక్కసారి, "అయిందా?" అని అడగడానికి ఇటు తిరిగింది. నవ్వుతోంది. ఇలాంటిది అతని దగ్గర ఇంకొకటి లేదు. స్తంభాలు బాగున్నాయని మార్టెన్సే ఏరాడు. ఆమెవరో మార్టెన్స్‌కి తెలియదు.

"ఈమే నా భార్య," అన్నాడు రంగనాథ్.

మార్టెన్స్ కదలలేదు. ఎవరూ కదలలేదు. రంగనాథ్ రిమోట్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. అంచెలంచెలుగా ఉన్న స్తంభాల మీద ఒక మచ్చ కనపడింది. నోరా టల్లీ "అయ్యో, ఆపండి, ఎవరైనా ఆపండి!" అని అరిచింది. రంగనాథ్ బొటనవేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు. సులోచన భుజం, తర్వాత నవ్వు, తర్వాత సముద్రం పోయాయి.

మార్టెన్స్ నిదానంగా ఊపిరి వదిలాడు. సొంత భార్య ఫొటో ఏ మనిషీ కావాలని కాల్చుకోడు. మూత విప్పి చూశాడు. విరిగిన గాజు ముక్కలు. "చెత్త మెషీన్," అన్నాడు. బూడిదరంగు సూటువాడు టోపీ తీసుకుని, ఎవరికీ చెప్పకుండా, ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు.

నోరా టల్లీ టీ కప్పు తెచ్చి రంగనాథ్ చేతిలో పెట్టింది. చక్కెర రెండు చెంచాలు ఎక్కువే వేసింది. పక్క కుర్చీలో కూర్చుని తన టీ తాను తాగింది. అతనికి అది చాలా మేలు చేసింది.

*

ఆమని అతన్ని కారులో బ్లాంచర్డ్స్‌టౌన్ దించింది. దారిపొడుగునా క్రేన్ల మీద ఎర్ర దీపాలు. ఇంటి ముందు కారు ఆగాక ఆమె ఫోన్ మోగింది. ఇద్దరికీ వినపడేలా పట్టుకుంది. చీఫ్.

"పడవ ఒడ్డుకొచ్చింది. కుర్రాణ్ణి దింపేశాం. లైన్లో ఉన్నాడు, ఇస్తున్నా. ముందు రంగనాథ్‌కి చెప్పమ్మా, ఫొటోగ్రాఫర్ వేషం ఇక మానుకోవాలి. సొంత షోలో రెండు స్లైడ్లు తగలబెట్టినవాణ్ణి ఎవరూ పిలవరు. వంటవాడి వేషం ఖాళీగా ఉందను."

"నా ఉప్మా తిన్నాక ఆ వేషమూ పోతుంది సార్," అన్నాడు రంగనాథ్.

తర్వాత ఫోన్లోంచి ఇంకో గొంతు వచ్చింది. సముద్రపు గాలికి బొంగురుపోయిన గొంతు. "ఆమనీ? తిన్నవా?"

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రంగనాథ్ వైపు చూసింది. "గురువుగారూ, అక్క ఫొటో..."

"మాట్లాడు తల్లీ. కరెంటు పోతే మళ్లీ లైను దొరకదు అక్కడ."

అతను దిగాడు. సన్నగా చినుకులు పడుతున్నాయి. ముఖం తడిగా ఉన్నా ఎవరూ ఎందుకని అడగని వాన. గేటు దాటి తలుపు తీసుకుని లోపలికి వెళ్లాక వెనక్కు చూశాడు. కారులో దీపం వెలుగుతోంది. ఆమె ఏడుస్తూ, నవ్వుతూ, చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. చప్పుడైతే ఉలిక్కిపడి ఎక్కడ ఫోన్ పెట్టేస్తుందోనని, గడియ వేలితో పట్టుకుని, ఆ రాత్రికి తలుపును మెల్లగా మూశాడు.