గులాబి పాముల గది

తెయోఫిలో అర్సూ శవాన్ని మొదట చూశానన్నది అతని కూతురు ఇస్మెల్దా.

ఉదయం ఆరు గంటలు. ఇంటి వెనక పాముల గది. ముసలాయన వెల్లకిలా పడి ఉన్నాడు. సిమెంటు తొట్టి అంచు మీద రక్తం గడ్డకట్టింది. పక్కన బకెట్ బోర్లాపడి ఉంది. నేలంతా తడి.

లా సెయిబా పట్నం నుంచి ఇన్‌స్పెక్టర్ ఒలీవియా నొరాలెస్ జీపు దిగేసరికి జాలరిపల్లె మొత్తం ఆ వాకిట్లోనే ఉంది. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

ఆ ఊరికి ఎదురుగా సముద్రంలో కొన్ని దీవులున్నాయి. చేతికర్రంత లావు కూడా లేని గులాబిరంగు బోవా పాములు అక్కడ పుడతాయి. వ్యాపారులు వాటిని గోతాల్లో పట్టుకుపోయారు. దీవిలో పాము కనపడటమే గగనమైంది. తెయోఫిలో కొన్నింటిని ఇంట్లో పెంచి పిల్లలు పెట్టిస్తున్నాడు, తిరిగి దీవికి చేర్చడానికి. మొన్ననే పెద్ద ఆడపాము పిల్లల్ని కన్నది.

ఆ పిల్లల పెట్టె ఇప్పుడు గదిలో లేదు.

దొంగతనానికొచ్చి చంపేశారని ఊరు తేల్చేసింది. దొంగ పేరు కూడా చెప్పింది. సిరీలో. తెయోఫిలో మేనల్లుడు, పడవ నడుపుతాడు. చిన్నప్పుడు అవే పాముల్ని పట్టి అమ్మినవాడు.

"రాత్రి ఎక్కడున్నావ్?" నొరాలెస్ అతన్ని అడిగింది.

"ఇంట్లో పడుకున్నా మేడం. ఒక్కణ్ణే. సాక్ష్యం కావాలంటే లేదు."

"పాములు పట్టేవాడివటగా?"

"పట్టా. ఆ పాపం కడుక్కుందామనే మావయ్యని నా పడవలో ఊరికే తిప్పా. నిన్న కంటి ఆసుపత్రి నుంచి తీసుకొచ్చింది కూడా నేనే."

తెయోఫిలోకి శుక్లాలు ముదిరి రెండేళ్లుగా చూపు లేదు. పాములన్నీ ఇస్మెల్దాయే చూసుకునేది. పుట్టబోయే పిల్లల్ని కళ్లారా చూడాలని ముసలాయన ఒక కంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు. కట్టు ఇవాళ పొద్దున విప్పాలి. ఆ సంగతి పడవలో దారిపొడవునా చెబుతూనే ఉన్నాడని సిరీలో అన్నాడు.

లౌరో బొగ్రాన్ అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. దీవుల సంరక్షణ సంఘం మనిషి. పిల్లల్ని మొదటిసారి చూసి, దీవికి తీసుకెళ్లే ఏర్పాట్లు చేయడానికి వచ్చాడు. దొంగ ఎవరైనా సరే పదేళ్ల శ్రమ బూడిదలో పోశాడని అతని బాధ.

నొరాలెస్ గదిలోకి వెళ్లింది. ఒక్కో పెట్టే చూసింది. తల్లిపాము తన పెట్టెలో చుట్టచుట్టుకుని ఉంది. తాళం కూడా లేదు.

దొంగ తల్లిని ఎందుకు వదిలేశాడు?

షెల్ఫ్ మీద తెల్లటి గుడ్డ కనిపించింది. కంటికట్టు. పెనుగులాటలో ఊడిపడింది కాదు. మడతపెట్టి, పైన ప్లాస్టర్ ముక్క పెట్టి ఉంది.

మూలన ఎలుకల బోను. పాములకు మేత. అందులో చిట్టెలుకలున్నాయి. పక్క అరలో మాత్రం పెద్ద ఎలుకలు. ఒక్కొక్కటి జానెడు.

ఆమె లౌరోని పిలిచింది. "ఈ పాములు ఇంత ఎలుకని మింగగలవా?"

"చచ్చినా మింగలేవు. దీవి పాముల నోరెంత?"

"మరి ఇవి ఎవరికోసం?"

మగపాము పెట్టెకి దుప్పటి కప్పి ఉంది. కుబుసం విడిచే ముందు చిరాకుగా ఉంటుంది, కదపొద్దని ఇస్మెల్దా ఎప్పుడూ చెప్పేదని, తను ఏడాదిగా దాన్ని చూడలేదని లౌరో అన్నాడు.

నొరాలెస్ దుప్పటి లాగేసింది.

లోపలున్నది ముంజేతికన్నా లావుంది. ఒంటిమీద గులాబి ఛాయ కొంచెం ఉంది. వీపున దట్టంగా నల్లమచ్చలు. పొట్ట దగ్గర మింగిన ఎలుక ఉబ్బు.

లౌరో వంగి చూశాడు. "ఇది దీవిది కాదు. ఒడ్డు మీద అడవి పాము."

ఇస్మెల్దా, సిరీలో, లౌరో ముగ్గుర్నీ వంటింట్లో కూర్చోబెట్టింది నొరాలెస్. పొయ్యి మీద కొబ్బరిపాలు విరిగి ఉన్నాయి. ఎవరూ దించలేదు.

"దొంగ రాలేదు," అంది. "దొంగైతే ముందు తల్లిని పట్టుకెళ్తాడు. పిల్లల్నే దాచారంటే వాటిని ఎవరూ చూడకూడదు. చూస్తే తండ్రెవరో తెలిసిపోతుంది. తెయోఫిలో పొద్దుటిదాకా ఆగలేకపోయాడు. కట్టు తనే విప్పి, మడతపెట్టి, లైటు వేసి చూశాడు. అసలు మగపాము ఏమైంది ఇస్మెల్దా? మేత పెట్టేది నువ్వే కదా."

ఇస్మెల్దా లేచి విరిగిన పాలగిన్నె దించింది.

"చచ్చిపోయింది. పోయినేడాది. చలివానల్లో వేడిదీపం ఆరిపోయింది, నేను చూసుకోలేదు. నాన్నకి అప్పటికే చూపు పోయింది. ఇది కూడా చెబితే ఆయన బతకడనిపించింది. అదే సైజు పిల్లని అడవిలో పట్టి తెచ్చి పెట్టా. అది పెరుగుతుందని తెలుసు. బరువెక్కిందేంటే అని నాన్న అడిగేవాడు. నీ చేతుల్లో సత్తువ తగ్గింది నాన్నా అనేదాన్ని."

"రాత్రి ఏమైంది?"

"చప్పుడైతే వెళ్లా. బకెట్లో నీళ్లు పట్టాడు. పిల్లల్ని ఒక్కొక్కటే ముంచుతున్నాడు. దీవికి ఇవి పోతే అక్కడి జాతి నాశనమైపోతుందన్నాడు. చేయి పట్టుకుని లాగా. పడిపోయాడు. పడేముందు నన్ను చూశాడు. రెండేళ్ల తర్వాత. నా కళ్లు నువ్వే అనుకున్నానే, అన్నాడు. అంతే."

సిరీలో తల రెండు చేతులతో పట్టుకున్నాడు.

పిల్లల పెట్టె కర్రపెండలం తురుము బుట్టల వెనక దొరికింది. బతికినవి తొమ్మిది. నల్లమచ్చల పిల్లలు, ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉన్నాయి. రెండు జాతులూ కలిసినవి, దీవికి పనికిరావు, ఒడ్డున వదిలేందుకూ లేదని లౌరో మెల్లగా చెప్పాడు. సిరీలో ఆ పెట్టె అందుకున్నాడు.

నొరాలెస్ ఇస్మెల్దాను జీపెక్కించింది. సిరీలో పెట్టె రెండు చేతులతో పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు.

జీపు కదులుతుంటే ఇస్మెల్దా కిటికీలోంచి అంది:

"ఇప్పుడే ఏం పెట్టకు సిరీలో. మొదటి కుబుసం విడిచేదాకా వాటికి ఆకలి తెలీదు."