మండువా ఇంట్లో పెళ్లిచూపులు

మామిడికుదురులో పడవల కామందు కట్టిన మండువా ఇంటి దూలం ఎంత పొడుగంటే, ఈ చివర బయల్దేరిన పిల్లి ఆ చివరకు చేరేలోగా రెండుసార్లు ఈనుతుంది. నమ్మకపోతే మానేయండి. కామందు వంశం ఊరికి వదిలేసిన ఆ ఇంటిని మ్యూజియం చేసి కాపాడుతున్నది పాతికమంది వలంటీర్లు. వాళ్లలో ఇద్దరు మాత్రం కాపాడేది తక్కువ, కీచులాడుకునేది ఎక్కువ.

కీర్తి హైస్కూల్లో సైన్సు టీచరు. కిషోర్ రొయ్యల చెరువుల దగ్గర టెక్నీషియను. వచ్చిన మొదటి రోజే వంటింటి గోడకు తెల్లగా సున్నం కొట్టేశాడు.

"నూరేళ్ల పొగమసండీ అది! చరిత్ర!" అని అరిచింది కీర్తి.

"మసి అనుకున్నానండి."

"మసే!"

"మరింకేంటండీ?"

నాలుగు నెలలుగా ఇదే వరస. అయినా ఆదివారం వస్తే కిషోర్ కె.గంగవరంలోని సొంతింటికి వెళ్లడు. ఎందుకురా అని తల్లి పెద్దింట్లమ్మ ఫోన్లో నిలదీసింది.

"దాన్ని వదిలి రాలేనమ్మా. వానొస్తే తడిసిపోద్ది. చూసుకునే దిక్కు లేదు."

మన తెలుగులో ఇల్లు తడిసినా 'తడిసిపోద్ది', ఇల్లాలు తడిసినా 'తడిసిపోద్ది'. తల్లికి ఏది వినిపించాలో అదే వినిపించింది. వాడు ఆదివారాలు ఉండేది మండువా ఇంట్లోనని వాకబు చేసి, మరుసటి ఆదివారం అరటిపళ్లు, పూలు, మొగుడు బంగారరాజుతో సహా దిగింది.

కిషోర్ పెంకులు తేవడానికి వెళ్లాడు. అరుగు మీద కీర్తి ఒక్కతే ఉంది.

"చూడ్డానికొచ్చేం అమ్మా" అంది పెద్దింట్లమ్మ, పెళ్లికూతురు లోపలుందనుకుని.

మ్యూజియం చూడ్డానికే అనుకుంది కీర్తి. "రండి రండి. నచ్చితే పదిమందికీ చెప్పాలండి."

"పదిమందికా!" అని గొణిగి, బంగారరాజు గొంతు సవరించుకున్నాడు. "వయసెంత ఉంటుందమ్మా?"

"నూట పన్నెండండి."

ఆయన అరుగు మీద చతికిలబడ్డాడు.

"లోపాలేమన్నా..." అంది పెద్దింట్లమ్మ నీరసంగా.

"దాచడం దేనికండీ? ముందు నుంచి చూస్తే బాగానే ఉంటుంది. వెనకవైపు కాస్త ఒరిగింది. వానాకాలం నాలుగు చోట్ల కారుద్ది."

"చూసుకునేవాళ్లు?"

"పాతికమందిమి వంతులేసుకుంటున్నామండి. ఒకాయన మాత్రం చెప్పాపెట్టకుండా తెల్లగా సున్నం పూసేశాడు."

"మొహానికా!"

"వంటింటికండి!"

అప్పుడే పెంకులతో గుమ్మంలోకి వచ్చిన కిషోర్ "అమ్మా!" అన్నాడు. విషయం తేలడానికి నిమిషం పట్టలేదు.

"అయితే నువ్వు వదిలి రాలేనన్నది ఈ కొంపనా?"

"ఆయ్."

"అమ్మాయెవరూ లేదన్నమాట. అలాగైతే బుధవారం రామచంద్రపురం సంబంధానికి తాంబూలాలు పుచ్చేసుకుంటాం. తరవాత నన్నేం అనకు."

కిషోర్ చేతిలోంచి పెంకు జారి భళ్లున పగిలింది. ఆ ఇంట్లో చీపురుపుల్ల విరిగినా అరిచే కీర్తి, పెంకు వైపు చూడనేలేదు. వాడి మొహమే చూస్తోంది.

"ఉందమ్మా" అన్నాడు కిషోర్. "ఇంటి కోసమే అయితే శనివారాలూ వచ్చేవాణ్ణి. ఈవిడ ఆదివారాలే వస్తారు."

బంగారరాజు లేచి నిలబడ్డాడు. కీర్తి చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ ముక్క చెప్పడానికి నాలుగు నెలలు పట్టిందా అండీ?"

"తిడతారేమోనని..."

"తిట్టేదాన్నే. ఒప్పుకుని తిట్టేదాన్ని!"

పెద్దింట్లమ్మ ఆ మాట పూర్తికాకుండానే పూలు కీర్తి జడలో తురిమేసింది. "రేపే మీవాళ్లతో మాట్లాడతాం తల్లీ."

"పెళ్లి ఈ మండువాలోనే. ఇక్కడే పందిరి" అన్నాడు బంగారరాజు ఉత్సాహంగా.

"స్తంభాలకు ఒక్క మేకు కొట్టినా ఊరుకోనండి" అంది కీర్తి.

"మేకు లేకుండా పందిరెలా నిలుస్తుందండీ?" కిషోర్ అందుకున్నాడు.

"తాళ్లతో కట్టండి."

"గాలొస్తే?"

"మీరు పట్టుకోండి!"

"పెళ్లికొడుకునండీ నేను!"

పెద్దింట్లమ్మ మొగుడి చెవిలో అంది: "ఏవండీ, వీళ్లకిక ముహూర్తం దేనికండీ? కాపురం మొదలెట్టేసేరు."